విచ్చని మొగ్గలోని పుప్పొడి

గాజుగొట్టంలో పుప్పొడి వేసిన యాసిడ్ గోధుమరంగుకు తిరిగేదాకా అబిదా దాని మీదనుంచి చూపు మరల్చలేదు. మరుగుతున్న నీళ్ళలోంచి పటకారుతో గొట్టాన్ని తీసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసి, చెక్క చట్రంలో నిలబెట్టింది.

పొట్టి మనిషి. మణికట్ల మీద యాసిడ్ చిందిన తెల్లని మచ్చలు. నరసరావుపేటలోని ఆ కాలేజీ వృక్షశాస్త్ర ప్రయోగశాలలో అటెండరుగా ఉన్న భర్త జహంగీర్ జబ్బుచేసి పోతే, అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకు సంతకం కూడా రాదు. సీసాల మీది పేర్లు చూసి చూసి అక్షరాలు నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. 1986 జూన్ ఆఖరి రోజది. సాయంత్రంతో ఆమె రిటైరవుతుంది.

లెక్చరర్ విశాలాక్షి మూడేళ్ళుగా డాక్టరేటు కోసం పనిచేస్తోంది. పల్నాడులో దొరికే అడ్డసరం కుటుంబపు మొక్కలను పుప్పొడిని బట్టి గుంపులుగా విడదీయడం ఆమె పరిశోధన. మైక్రోస్కోపులో చూస్తే ఆ కుటుంబంలో ఒక్కోదాని పుప్పొడి ఒక్కో తీరు. కనకాంబరానిది బియ్యపుగింజలా పొడుగ్గా ఉంటుంది. అడ్డసరం పుప్పొడి రేణువుకు సన్నని రంధ్రాలు, వాటి పక్కన బారులు తీరిన చుక్కలు ఉంటాయి. ముళ్ళగోరింటది గుండ్రంగా, తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. మాచర్ల అవతలి గుట్టల దాకా విశాలాక్షితో బస్సుల్లో తిరిగి పూలు ఏరుకొచ్చింది, పుప్పొడిని యాసిడ్‌లో మరిగించి శుభ్రంచేసి నూట పద్నాలుగు స్లైడ్లు చేసింది అబిదాయే.

పదకొండు గంటలకు యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ జానకిరామయ్య వచ్చారు. విశాలాక్షి పరిశోధనకు గైడు ఆయనే. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కో స్లైడూ చూస్తూ, మాచర్ల గుట్టల్లో దొరికిన మొక్క దగ్గర ఆగిపోయారు.

"పువ్వు చూస్తే అడ్డసరం గుంపుది. పుప్పొడి చూస్తే ముళ్ళగోరింట లాగుంది. మీ అటెండరు గొట్టాలు కలిపేసినట్టుంది. ఒకటి కలిసిందంటే మిగతావి ఎలా నమ్మాలి? అన్నీ మళ్ళీ చేయించండి."

విశాలాక్షి మొహం పాలిపోయింది. ఆ పూలన్నీ మళ్ళీ దొరకాలంటే ఇంకో మూడేళ్ళు. ఆమె అబిదా వంక చూసింది. నిజంగా కలిపావా అని అడిగినట్టున్న ఆ చూపు ప్రొఫెసర్ మాటకన్నా లోతుగా దిగింది.

"కలవలా సార్," అంది అబిదా.

"నీకెలా తెలుసు?"

"ముళ్ళగోరింటది ఇంతకంటే చానా పెద్దది సార్. గళ్ళు గూడా పెద్దయ్యి. దీని గళ్ళు సన్నం. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

"మైక్రోస్కోపులో నువ్వు చూస్తావా?"

"చూడకపోతే స్లైడు బాగొచ్చిందో లేదో ఎట్టా తెలుస్తది సార్?"

"అయినా కలవలేదనడానికి రుజువేమిటి?"

అబిదా బీరువా తెరిచి, ఆ మొక్క తాలూకు కాగితం పొట్లం తెచ్చి ఆయన ముందు విప్పింది. ఎండిన పూల మధ్య నాలుగైదు మొగ్గలున్నాయి.

"ఇయ్యి ఇంకా విచ్చలా సార్. మూసుకున్న మొగ్గలోకి ఇంకో పువ్వు పొడి ఎట్టా పోద్ది? మీ చేత్తోనే కోయండి. గొట్టం గూడా మీరే కడుక్కోండి."

జానకిరామయ్య ఆమెను తేరిపార చూశారు. తరువాత చొక్కా చేతులు పైకి మడిచి, గొట్టం తనే కడిగి, మొగ్గ చీల్చి కేసరాలను అందులో వేశారు. మిగతా పని అబిదాది. యాసిడ్ కొలిచి పోసింది. మరిగించింది. చేతి యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పి, పొడి అడుక్కు దిగాక పైన తేలిన యాసిడ్ వంచేసింది. గంట తరువాత స్లైడు ఆయన ముందుకు జరిపింది.

ఆయన చాలాసేపు చూశారు. పక్కన ముళ్ళగోరింట స్లైడు పెట్టి మళ్ళీ చూశారు. జేబులోంచి పెన్ను తీసి, విశాలాక్షి రాసుకొచ్చిన జాబితాలో అడ్డసరం గుంపు కింద ఉన్న ఆ మొక్కను కొట్టేశారు.

"పువ్వును చూసి ఇద్దరం మోసపోయామమ్మా విశాలాక్షీ. ఇది అడ్డసరం గుంపుది కాదు, ముళ్ళగోరింటా కాదు. దీనికి వేరే చోటు వెతకాలి. నీ థీసిస్‌లో అన్నిటికన్నా గట్టి అధ్యాయం ఇదే అవుతుంది." స్టూలు మీదనుంచి లేచి అబిదా వైపు తిరిగారు. "తప్పు నాదమ్మా. కూర్చో, నువ్వూ చూడు."

గది ఖాళీగా ఉన్నప్పుడు నిలబడే చూసేది అబిదా. ఇవాళ అందరి ముందూ కూర్చుని, కన్ను ఆనించింది. వెలుగులో బంగారు ఉండలు, సన్నని గళ్ళతో. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ గదిలో పైకే నవ్వింది.

విశాలాక్షి ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను నోరు విప్పి ఉండాల్సింది అబిదమ్మా."

"పోనీండి మేడమ్. ఆ పొడే చెప్పింది గదా."

"స్లైడు మీద చేసినవాళ్ళ పేరుండాలి. నువ్వే రాయమ్మా," అన్నారు ప్రొఫెసర్ అబిదాతో.

నాలుగింటికి లెక్చరర్లంతా వచ్చి దండ వేశారు, టీ ఇచ్చారు. అబిదా గొట్టాలన్నీ కడిగి బోర్లించింది. బీరువా తాళాలు విశాలాక్షి చేతిలో పెట్టి, చెంగు నిండుగా కప్పుకుని, గేటు దాటి తలెత్తుకుని నడిచి వెళ్ళిపోయింది.

కిటికీ పక్క బల్ల మీద కొత్త స్లైడు ఆరుతోంది. దాని చీటీ మీద మొక్క పేరుకు ఖాళీ వదిలి ఉంది, ఆ ఖాళీ కింద నల్లసిరాతో గుండ్రటి తెలుగు అక్షరాలు: అబిదా.