ఫొటోలో పడ్డానా?

ఊళ్లో అందరూ ఆయన్ని ‘గడ్డంపైకి మాస్టారు’ అనేవాళ్లు. పాస్‌పోర్టు ఫొటోకని వచ్చిన ప్రతి మనిషితోనూ ముప్ఫై ఏళ్లుగా “గడ్డం కొంచెం పైకి” అంటూ వచ్చినందుకు దక్కిన బిరుదు అది. ఆయన ముఖాన మాత్రం గడ్డం వెంట్రుక ఒక్కటి ఉండేది కాదు.

స్టూడియో అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక గది, తెల్ల తెర, ఒక స్టూలు, మేకుకి వేలాడే ఒకే ఒక్క నల్ల కోటు. ఆ కోటు ఊరందరిదీ. సన్నగా ఉన్నవాళ్లకి వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి దాన్ని బిగించేది మాస్టారి భార్య. వచ్చినవాళ్ల జుట్టు సర్దేదీ ఆవిడే, ముఖం మీద నీడ పడకుండా తెల్ల అట్ట పట్టుకుని పక్కన నిలబడేదీ ఆవిడే. అట్టతో పాటు ఆవిడ వేళ్లు కూడా ఒక్కోసారి ఫొటో అంచున పడేవి. మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వేళ్లని తుడిచేసేవాడు. మచ్చ కనబడితే తుడువు, దానిమీదే సేవ్ చెయ్యి, కెమెరా కార్డు ఖాళీ చెయ్యి, తర్వాతి మనిషిని పిలువు. ఇదీ ఆయన పద్ధతి.

గడ్డం పైకెత్తమని ఎవరికీ చెప్పక్కర్లేని ఫొటో, జన్మకి ఒక్కటైనా తియ్యాలని ఆయనకి కోరిక. ఊరి చివర సముద్రపు పాయ ఉంది. చలికాలం పొద్దున్నే అక్కడ పొగమంచులో బూడిదరంగు కొంగ ఒకటి నీళ్లలో నిలబడి ఉండేది. నెల రోజులు దాని వెంట పడ్డాడు. అదేమో ఎప్పుడు చూసినా ఈయనకి వీపే చూపించేది.

“కొంగజపం అది చేస్తోందో మీరు చేస్తున్నారో తెలీడం లేదు,” అంది భార్య, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ. ఆవేళ ఆవిడ కూడా వెంట వచ్చింది.

“వెటకారాలు తర్వాత. నువ్వలా చుట్టూ తిరిగి ఆ ఎదురుగట్టు మీదకెళ్లి నిలబడు. మనిషి అలికిడికి అది ఇటు తిరుగుతుంది.”

“మరి నేను ఫొటోలో పడనూ?”

“పడితే నే చూసుకుంటాగా. ముందు నువ్వెళ్లు.”

ఆవిడ సంచిలోంచి స్టూడియో దువ్వెన తీసి జుట్టు దువ్వుకుంది. మాస్టారు నవ్వాడు. “ఈ సింగారమంతా కొంగ కోసమా?” అన్నాడు. ఆవిడ చలికని ఆయన పాత స్వెటర్ ఒకటి వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ, బురదలో అరగంట నడిచి వెళ్లింది.

మంచులో ఎదురుగట్టు మీద ఆవిడ బొమ్మ మసకమసకగా తేలింది. వెళ్లినావిడ ఊరికే నిలబడిందా? చెయ్యి పైకెత్తి ఊపింది. “చెయ్యి దించవే తల్లీ, ఎగిరిపోతుంది,” అని మాస్టారు పళ్లు నూరుకున్నాడు. కొంగ ఎగరలేదు. మెడ చాపి నెమ్మదిగా ఇటు తిరిగింది. మీట నొక్కాడు. ఆ క్షణంలో ఆయన పడ్డ ఆనందం కూతురు పుట్టినప్పుడు కూడా పడలేదని, చెప్పొద్దూ, తర్వాత ఆయనే సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా ఫొటో తయారు. ఆవిడ వంటింట్లో కూర తరుగుతూ అడిగింది.

“ఏవండీ, నేను పడ్డానా?”

“పడ్డావు. కంగారుపడకు, తుడిచేశాను. అసలు నువ్వున్నట్టే తెలీదు.”

ఆయన లెక్కలో అది శుభవార్త. మనిషి అడ్డం పడ్డ ఫొటోని శుభ్రం చేసిపెట్టాడు కదా! కత్తి ఒక్క క్షణం ఆగింది. “సరేలెండి,” అని ఆవిడ మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ఎంత తెలివితక్కువ మనిషండీ! ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల ముఖాలు చూసి బతికినవాడు, ఇంట్లో ఉన్న ముఖం వంక ఆ ఒక్కసారి తలెత్తి చూడలేకపోయాడు.

పద్దెనిమిదో రోజున ఆవిడ గుండె ఆగిపోయింది. స్టూలు మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాస్టారు కెమెరాలో కన్ను పెట్టి “గడ్డం కొంచెం పైకి” అన్నాడు. పెద్దాయన ముఖం మీద నీడ పడింది. “అట్ట సరిగ్గా పట్టుకోవే, ఎన్నిసార్లు చెప్పాలి!” అని విసుక్కున్నాడు. అట్ట కిందపడింది. ఆవిడతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

పొరుగూళ్లో ఉద్యోగం చేసే కూతురు వచ్చింది. మొదటి రెండు రోజులూ ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చారు. మూడో రోజు స్టూడియో గోడకి తలుపంత పెద్దగా వేలాడుతున్న కొంగ ఫొటో ముందు నిలబడి, కూతురు వెతకడం మొదలుపెట్టింది.

“అమ్మ ఎక్కడుంది నాన్నా ఇందులో?”

“అమ్మేంటి, తల్లీ?”

“ఆవేళ పొద్దున్న ఫోన్ చేసి చెప్పిందిగా! ‘ఇన్నాళ్లకి మీ నాన్న ఫొటోలో పడ్డానే, తల దువ్వుకుని మరీ నిలబడ్డా, నీకోసం చెయ్యి కూడా ఊపా, వచ్చినప్పుడు చూద్దువుగాని’ అంది. ఎంత మురిసిపోయిందో! ఏదీ, చూపించు.”

మాస్టారు వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

“తుడిచేశానమ్మా.”

“అదేంటి? ఒరిజినల్ ఉంటుందిగా?”

“దానిమీదే సేవ్ చేశాను. మర్నాడు పెళ్లి ఫొటోలుంటే కార్డు ఖాళీ చేసేశాను.”

“ఊళ్లో ప్రతి ముక్కూ మొహం తెలీనివాడి ఫొటో ఉంది నీ దగ్గర!” కూతురు అరిచింది. “అమ్మది ఏముంది? మీ పెళ్లినాటిదొకటి, ఎవరో ఆఫీసువాడు తీసిన గుర్తింపు కార్డుదొకటి. ఆఖరికి తనంతట తాను వచ్చి నిలబడితే, దాన్నీ తుడిచేశావా?”

మాస్టారు ఆ రోజంతా, మర్నాడంతా కంప్యూటర్లో ఉన్న ఫొటోలన్నీ తిరగేశాడు. వేల మంది అపరిచితుల భుజాల పక్కన, ఎక్కడైనా ఒక్క వేలు మిగిలి ఉండకపోతుందా అని అంచులు వెతికాడు. ఒక్కటీ లేదు. అంత శుభ్రంగా చేశాడు పని. తన పనితనం మీద తనకే అసహ్యం వేసింది ఆయనకి.

“దీన్ని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది,” అని కూతురు ఆ సాయంత్రం కొంగ ఫొటోని మేకు మీంచి దించేసింది. బరువుకి చేతుల్లో తలకిందులైన ఫ్రేముని అలాగే గోడకి జారేసి, తనూ ఎదురుగా నేల మీద చతికిలబడింది. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.

“నాన్నా, ఒకసారి ఇలా రా. నీళ్లలో ఇదేంటి, కొంగ కాళ్ల పక్కన?”

“కొంగ నీడమ్మా.”

“కొంగకి స్వెటర్ ఎక్కడిది నాన్నా?”

మాస్టారు వంగాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాడు. గట్టు మీద మనిషిని తుడిచాడే గానీ, గట్టు కింద నీళ్లలో ఆ మనిషి నీడ పడిందని చూసుకోలేదు. పనిలో చేరిన మొదటివారం ఎవడైనా చేసే తప్పు అది. ఇన్నేళ్ల పనిలో ఆయన ఒక్కసారే చేశాడు. ఫ్రేము తలకిందులయ్యేసరికి నీళ్లలోని ఆవిడ నిటారుగా నిలబడింది. ముఖం తెలియడం లేదు. జారిన భుజం తెలుస్తోంది, వదులు స్వెటర్ తెలుస్తోంది, పైకెత్తిన చెయ్యి తెలుస్తోంది.

“పడ్డావే,” అన్నాడు ఆయన, గాజు మీద అరచెయ్యి ఆనించి. “పడ్డావు. తుడిచేశానని అబద్ధం చెప్పాను నీకు.” అని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కూతురు ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. ఆ పిల్లకి కోపం పోలేదు, కానీ చెయ్యి తియ్యలేదు.

నెల తర్వాత స్టూడియో తెరిచాడు. తెల్ల అట్ట ఇప్పుడు కుర్చీకి తాడుతో కట్టి ఉంటుంది. దువ్వెన ఆయనే అందిస్తాడు, కోటుకి క్లిప్పులు ఆయనే పెడతాడు. ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో కావాలని వచ్చిన ఒక నర్సమ్మ స్టూలు మీద కూర్చుని గోడ వంక చూసి మొహమాటంగా నవ్వింది.

“మాస్టారూ, ఆ ఫొటో తలకిందులుగా తగిలించారండీ.”

మాస్టారు కెమెరా వెనకనుంచి తలెత్తలేదు.

“కొంగే తలకిందులుగా ఉందమ్మా. మా ఆవిడ సరిగ్గానే నిలబడింది.”