రెండో ఫైలు

టీ బ్యాగును కప్పులోంచి తీసి, నేల మీద కారకుండా కింద అరచేయి పట్టి చెత్తబుట్ట దాకా నడవడం పాండురంగకు రోజూ ఉన్న పని. యాభై మూడేళ్ళ మనిషి. మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటాడు, కుర్చీలో ముందంచు మీదే కూర్చుంటాడు. ఐర్లండ్‌లో, బాలింకాలిగ్ అనే ఊళ్ళోని ఒక ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. పర్మనెంట్ చేయమని అతను అడగలేదు, వాళ్ళు చేయనూ లేదు. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక కంపెనీ ఎంత.

ముసలివాళ్ళుండే పదకొండు నర్సింగ్ హోములకు భోజనం కార్డులు తయారుచేయడం అతని పని. ఏ మంచానికి ఏ భోజనమో మొదటి ఫైలులో ఉంటుంది. ఏ మంచం వాళ్ళకు ఏది పడదో రెండో ఫైలులో ఉంటుంది. అది ఒక్కో హోముకు ఒక్కోటి. కార్డు తయారవుతుండగానే హోము పేరు చూసి ఆ రెండో ఫైలును అప్పటికప్పుడు తెచ్చుకునేలా, కార్డు రూపం దిద్దే స్టైల్‌షీట్ అనే చిన్న ప్రోగ్రాం రాసింది పాండురంగే. అది నడిచినన్నాళ్ళూ అలాంటిదొకటి ఉందని ఎవడికీ పట్టలేదు.

పదింటికి ప్రిస్కిల్లా ఫోన్ చేసింది. వాటర్‌ఫోర్డ్ దగ్గర ఒక హోములో ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే కేరర్. హెల్ప్‌లైన్ ఎత్తకపోతే నేరుగా ఇతనికే చేస్తుంది.

"అంకుల్, పద్నాలుగో మంచం బామ్మ కార్డు మీద అన్నీ తినొచ్చని వచ్చిందండి. ఆవిడకి పల్లీలు పడవు కదా."

"ఈ పూట ఏం పెడతాండారమ్మా?"

"చికెన్ సాటే. అదంతా పల్లీ ముద్దే అంకుల్. నాకు తెలుసు కాబట్టి సరిపోయింది."

మిగిలిన పది హోముల్లో ప్రిస్కిల్లాలు లేరు. పాండురంగ వెతికాడు. మేనేజరు శ్యాం ఆదివారం నాడు, నీటుగా ఉంటుందని, స్టైల్‌షీట్‌ను ఒక పాత ఫోల్డరులోకి మార్చాడు. ఎక్కడ వెతకాలో విడిగా చెప్పకపోతే స్టైల్‌షీట్ తన పక్కనే వెతుక్కుంటుంది. ఆ ఫోల్డరులో అవే పేర్లతో తొమ్మిదేళ్ళ నాటి జాబితాలు పడి ఉన్నాయి. వాటినే తెచ్చి కార్డులకు అతికించింది. తప్పని ఎక్కడా చూపలేదు. ఆ జాబితాలు పని నేర్చుకునే రోజుల్లో పాండురంగ పెట్టి మరిచినవే. అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అన్ని హోముల కార్డులూ ఆపేశాడు. శ్యాం లేచొచ్చాడు.

"ఎవర్ని అడిగి ఆపిండ్రు? ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్."

"అడిగేలోపల వాళ్ళకు పెట్టేస్తారు."

"ముందు నడిపియ్యండి. తర్వాత చూద్దాం."

"నడపను."

తొమ్మిదేళ్ళలో అతను ఎదురు చెప్పడం అదే మొదలు. రెండో ఫైలును, అసలు జాబితాలుండే చోట, మొదటి ఫైలు పక్కనే వెతకమని స్టైల్‌షీట్‌లో ఒక మాట చేర్చాడు. అది దొరక్కపోతే కార్డు అచ్చుకాకుండా ఆగిపోవాలని ఇంకో వరుస రాశాడు.

భోజనాలు యాభై నిమిషాలు ఆలస్యమయ్యాయి. ఎవరి గొంతూ పూడుకుపోలేదు కాబట్టి ఏమీ జరగలేదని ఆఫీసు తేల్చేసింది. రెండింటికి శ్యాం అందరికీ మెయిల్ పెట్టాడు: సమస్యను తానే పసిగట్టి సరిచేశాడట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

మూడింటికి అద్దాల గదిలోకి పిలిచాడు.

"ఆ పాత ఫైళ్ళు మీవే కదా, పాండురంగ గారు?"

"నావే."

"అదే రాసిన రిపోర్టుల. ఇయ్యాల్టితోని చాలు. బ్యాడ్జ్ ఇచ్చి పొండ్రి."

ఫోల్డరు మార్చిందెవరో అడగొచ్చు. అడగలేదు. ఆ మెతకదనం చూస్తే ఒళ్ళు మండుతుంది.

"ఒకటే మాట, శ్యాం. ఆగిపోవాలని రాసినానే, ఆ వరుస మాత్రం తీయొద్దు."

"చూస్తం."

పాండురంగ బ్యాడ్జ్ బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని, వానలో బస్‌స్టాప్ వైపు నడిచాడు. ఎవరూ తలెత్తలేదు.

నాలుగుంబావుకు శ్యాం ఆ వరుస తీసేశాడు. కార్డులు ఆగితే ఫిర్యాదులొస్తాయి.

ఆఫీసు వంటగది ఫ్రిజ్‌లో, పై అరలో, పాండురంగ పెరుగన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది.