ఎవరూ ఉండని ఇంటికి నిట్టాడు

నేను ఒక నిట్టాడును. గుండ్రటి చెంచు గుడిసెకు నట్టనడుమ నిలబడి, కప్పు బరువంతా నెత్తిన మోసే గుంజను. ఇప్పుడు నగరంలోని ఒక మ్యూజియంలో, సిమెంటు గచ్చు మీద, ఇనప చట్రంలో బిగించి ఉన్నాను. చుట్టూ ఎర్ర తాడు, దానికి ‘తాకరాదు’ అనే బోర్డు. ఔరా! చెట్టుగా ఉన్నప్పుడు ఎలుగుబంట్లు వచ్చి వీపు గోక్కునేవి. అలాంటి నన్ను తాకకూడదట!

నల్లమలలో నన్ను నరికినవాడు పోతన్న. ఈదమ్మను పెళ్లాడిన ఏడు నన్ను ఎండాకాలమంతా ఆరబెట్టి పాతాడు. చుట్టూ వెదురు తడికె అల్లి, బోదగడ్డి కప్పి, మోదుగు నారతో బిగించాడు. ఎక్కడా ఒక్క మేకు లేదు. వాళ్ల గూడెంలో ఒక వాడుక ఉంది. బిడ్డ పుడితే, ఎండి రాలిన బొడ్డును నిట్టాడు మొదట్లో పాతుతారు. అప్పటినుంచి ఆ బిడ్డకు అదే ఇల్లు. గూడెం మారేటప్పుడు గడ్డీ తడికా వదిలేసి, నిట్టాడును మాత్రం భుజాన వేసుకుపోతారు. నా మొదట్లో ఎవరూ ఏమీ పాతలేదు. ఆసుపత్రి దూరం కావడంతో ఈదమ్మ కాన్పులు డోలీలోనే, దారిలోనే చెడిపోయాయి. మళ్లీ నెలలు నిండుతుంటే ఆమె రాత్రింబవళ్లు నాకే ఆనుకుని కూర్చునేది. నాకూ దిగులుగానే ఉండేది.

అలాంటి రోజుల్లో మ్యూజియం పెద్దాయన కామేశ్వరరావు జీపులో దిగాడు. పొగకు నల్లబడ్డ నన్ను నిమిరి, ఈ ఇంటినే పట్నంలో కడదాం, మీరే వచ్చి కట్టాలి అన్నాడు. అక్కడ ఆసుపత్రి ఉందా అని పోతన్న అడిగాడు. మా గోడకు ఆనుకునే ఉందన్నాడు ఆయన. ఇంకేం కావాలి? ఎవరూ ఉండని ఇల్లు కట్టడమనేది గూడెంలో ఎవరూ ఎరగరు. మొగుడూ పెళ్లాం నన్ను పెకలించి, కుండలూ చాపా మూట కట్టుకుని లారీ ఎక్కారు.

నన్ను దించింది ఎక్కడనుకున్నారు? ఒక పెద్ద హాల్లో! పైన ఒక కప్పు ఉండగా దాని కింద ఇంకో కప్పు ఎందుకో నాకు అంతుపట్టలేదు. పోతన్నకూ పట్టలేదు గానీ పెద్దోళ్ల సంగతి మనకెందుకులే అనుకుని కట్టేశాడు. సాయంత్రానికి ఈదమ్మ లోపల మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది. మంట వెలగని ఇల్లు ఇల్లు కాదు మరి.

పొగ పైకప్పును తాకిందో లేదో ఎక్కడో గంటలు గణగణ మోగాయి. పైకప్పు గొట్టాల్లోంచి వాన మొదలైంది. ఇంట్లో వాన! నా చేవ ఝల్లుమంది. గాజు పెట్టెలూ బొమ్మలూ తడిసి ముద్దయ్యాయి. కామేశ్వరరావు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చి, తల దాచుకునే చోటు లేక మా గుడిసెలోకే దూరాడు. బోదగడ్డి కింద చుక్క నీరు పడటం లేదు. జుట్టు పిండుకుంటూ, ఇది చూడ్డానికి కట్టిన ఇల్లు, ఉండటానికి కాదు, ఇక్కడ పొయ్యేమిటని కసిరాడు.

ఈదమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని, "కానుపయ్యేదాక ఈడనే ఉంటమనుకున్నం సారూ. అందుకే గద నిట్టాడు పీక్కొస్తిమి" అంది.

ఆయన జుట్టు పిండుకోవడం ఆపి ఆమె పొట్ట వైపు చూశాడు. నాకు తల తిరిగిపోయింది. ఉండనివ్వని ఇంటికోసమా ఉన్న ఇల్లు పీకించింది?

పాపం, మనిషి చెడ్డవాడు కాదు. తడి బట్టలతోనే ఈదమ్మను ఆసుపత్రిలో చేర్పించి వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది, బతికింది. ఆ మాట విన్నప్పుడు నాకు మళ్లీ చిగురు వేస్తుందేమో అన్నంత సంతోషం కలిగింది.

తిరిగి వెళ్లేముందు పోతన్న నన్ను ఇచ్చెయ్యమని అడిగాడు. నంబరు పడిన వస్తువు గేటు దాటదట. కామేశ్వరరావు తల వంచుకుని, "నా చేతుల్లో లేదు పోతన్నా" అన్నాడు. ఈదమ్మ తాడు దాటి వచ్చి నా మొదట్లో కాలి బొటనవేలితో గీరింది. సిమెంటు. ఎక్కడ పాతుతుంది? కొంగున కట్టుకున్న బొడ్డును విప్పి, మోదుగు నారతో నాకే కట్టి, ఏడుస్తూ వెళ్లిపోయింది.

దాన్ని చూపించి, ఇది దిష్టి తాడని గైడు రోజూ చెబుతాడు. వింటూ ఊరుకుంటాను.

మొన్న పోతన్నా ఈదమ్మా పిల్లతో వచ్చారు. నడక నేర్చిన ఆ పిల్ల తాడు కింద నుంచి దూరి, రెండు చేతులా నన్ను పట్టుకుంది. కాపలా మనిషి వచ్చి మెల్లగా వేళ్లు విడదీసి, బోర్డు చూపించి, టికెట్లు ఏవని అడిగాడు.