పదును ఆరకముందే

"రేపు గొర్రు ఎనక ఇత్తనాలు పోసేదెవురే? నీ బంతొచ్చి పోస్తాదా?" తెల్లవారినప్పటి నుంచి నల్లమ్మ మనవరాలిని వదలడం లేదు.

"వాలీబాల్ సెలక్షన్లు రేపే కదవ్వా! వాన పడిందని అనంతపురంలో ఆపుతారా?" అంది అంజలి. ఎంపికైతే క్రీడల హాస్టల్లో సీటు, చదువు.

"పదును మాత్రం ఆగుతాదా?" అన్నాడు జయరాముడు, గొర్రుకు తాళ్లు బిగిస్తూ. కూతురి మీద అతనికి కోపం లేదు. ఆషాఢమంతా మొగులు చూస్తే నిన్న ఒక్క వాన కురిసింది. ఎర్రనేలలో ఆ తడి ఎంతసేపు? కూలికి పిలుద్దామంటే ఊరంతా విత్తేది రేపే.

అంజలి తల్లి బయమ్మ గడప దగ్గర కూర్చుని బడి నెట్టు కుడుతోంది. వేరుశనగ మిల్లులో గోతాలు కుట్టే పని ఆమెది. పురికొసను కాలి బొటనవేలికి చుట్టి, బిగలాగి, దబ్బనంతో గుచ్చుతుంది. ఆ వేలు కాయ కాసి, గోరు పక్కకు తిరిగిపోయింది. నెట్టు ఎప్పుడు చిరిగినా ఆమె దగ్గరికే వస్తుంది. ఆట మాత్రం ఏనాడూ చూడలేదు. ఆ వేళకు మిల్లులో ఉంటుంది.

"వాలీ అంటే ఏమి పాపా?"

"నేల తాకకముందే కొట్టేదిమ్మా. మొదట్లో ఈ ఆటకు ఇంకేదో పేరంట. అమెరికాలో ఒక సారు చూసి, బంతిని కింద పడనీకుండా కొడతాండారు కదా, వాలీబాలనండి అన్న్యాడంట."

"పడితే?"

"పాయింటు పాయె."

బయమ్మ దారం కొరికింది. తన బడి ఆగిందీ ఇలాంటి పదునులోనే. ఈ విత్తనాలు పోసి పోమ్మా అన్నారు. తరువాత కలుపు వచ్చింది, ఆ తరువాత కాయ పెరికే పని. బడి మానమని ఎవరూ అనలేదు.

నెట్టు మడిచి కూతురికిచ్చి, సద్ది మూట కట్టుకుని మిల్లుకు పోయింది.

సాయంత్రం సంగటి ముద్దలు పెడుతూ, ఎవరి ముఖమూ చూడకుండా అంది: "రేపు గొర్రు ఎనక నేను పోస్తా. మిల్లులో చెప్పొచ్చినా. పాప తొలి బస్సుకు పోతాది."

నల్లమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఇత్తనాలప్పుడు మానితే మల్లా పనిలోకి రానీరు కదే మిల్లోళ్లు?"

"రానీరు."

జయరాముడు మజ్జిగ చెంబు కూతురి వైపు జరిపాడు.

మిల్లులో, బయమ్మ కుట్టి ముగించిన చివరి గోతం అంచుకు, ఏళ్ల తరబడి ఆమె వేళ్లకు అరిగి నున్నబడిన దబ్బనం గుచ్చి ఉంది.