క్షమాభిక్ష అక్కర్లేదు

ఆస్ట్రేలియాలో, పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్ రేకుల షెడ్డులో, ప్రతి సోమవారం ఒక మనిషికి ఉరిశిక్ష పడేది. తలారి లేడు, తాడు లేదు. ఒక కాగితం ఉండేది, దాన్ని చదవడానికి కాంట్రాక్టరు ఉమామహేశ్వరరావు ఉండేవాడు.

రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో ఆ వంతు శ్రీపతికి వచ్చింది. పన్నెండు మంది చేతా పని ఆపించి, అతన్ని నడిమధ్య నిలబెట్టి చదివాడాయన. ఉద్యోగం రద్దు. ఉద్యోగం పోతే ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం విడిచి పోవాలి. వీసా కంపెనీది, మనిషిది కాదు. ఇంతకీ నేరమేమిటయ్యా అంటే, నడుం పట్టేసి శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లడం.

సుబ్బరాజు లేచాడు. అందరిలోకీ వయసులో పెద్ద, భీమవరం మనిషి, నలుగురి తరఫున మాట్లాడటం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చేతులు జోడించి, మా మొహాలు చూసి ఈ ఒక్కసారికి వదిలేయమన్నాడు. వెనకాలే అందరూ లేచారు. జాహిదా కూడా లేచింది. ఉమామహేశ్వరరావు నిట్టూర్చి, ఎంతో దయతో శిక్ష మార్చాడు. ఉద్యోగం ఉంటుంది, కానీ రెండు నెలలపాటు శని ఆదివారాలు లారీల్లో వచ్చే పాత మానిటర్లు దింపాలి. నడుం నొప్పి మనిషికి ఎంత చక్కని వైద్యం! శ్రీపతి దానికే దండం పెట్టాడు.

వీళ్లంతా కంప్యూటర్లలో తేదీలు సరిచేయడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్లు. జనవరి ఒకటిన కంప్యూటర్లు తేదీ తప్పి ప్రపంచం కూలిపోతుందన్నారు, కూలలేదు. కూలింది వీళ్ల పని. కంపెనీలు పాత మెషీన్లు పారేస్తుంటే ఆ సరుకు ఉమామహేశ్వరరావు తీసుకున్నాడు. దానితోపాటు, తాతముత్తాతల చరిత్ర వెతుక్కునే తెల్లవాళ్ల కోసం ఇంగ్లండు కోర్టుల పాత రికార్డులు సీడీలకు ఎక్కించే పని కూడా తెచ్చాడు. ప్రోగ్రామర్లు టైపిస్టులయ్యారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్నట్టు, రోడ్డున పడేయలేదు చాలు అనుకున్నారు.

జాహిదాది కర్నూలు. ఆమె స్క్రీను మీద రోజంతా పేరు, వయసు, నేరం, శిక్ష, చివర శిక్షలో మార్పు. గొర్రె దొంగతనం, మరణశిక్ష. మార్పు, యావజ్జీవం కఠిన శ్రమ. రెండు వెండి చెంచాలు, మరణశిక్ష. మార్పు, పద్నాలుగేళ్లు సముద్రం అవతల, అంటే ఈ ఆస్ట్రేలియాలోనే, రాళ్లు మోయడం. మొదటి వారం ఆ చివరి గడి నింపుతుంటే ప్రాణం కుదుటపడేది, పోనీలే పాపం బతికాడని. మూడో వారానికి మనసులో ముల్లు గుచ్చుకుంది. బతకనివ్వాలనుకున్నవాళ్లు ఇంతమందికి ఉరి ఎందుకు రాసినట్టు? కొన్ని కాగితాల వెనక ఇరుగుపొరుగు పెట్టుకున్న అర్జీలుండేవి. వీడు నేరం చేశాడు నిజమే, ప్రభువులు దయ చూపాలి అంటూ కింద సంతకాలు, సంతకం రానివాళ్ల గీతలు. ఒకటి చదువుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. అచ్చం సుబ్బరాజు మాటలే.

ఆ ఆదివారం మధ్యాహ్నం, రేకుల కింద నిప్పుల కొలిమిలాంటి ఎండలో, శ్రీపతి కళ్లు తిరిగి పడ్డాడు. మోస్తున్న మానిటరు చేతి మీద పడి రెండు వేళ్లు విరిగాయి.

సాయంత్రం అందరూ సుబ్బరాజు అద్దె ఇంటి పెరట్లో చేరారు. రేపు మళ్లీ కాగితం వస్తుందని, మళ్లీ బతిమాలాలని ఆయన అన్నాడు. వద్దంది జాహిదా. ఆయనకు పౌరుషం వచ్చింది. తాను అడక్కపోతే శ్రీపతి ఎప్పుడో ఫ్లైట్ ఎక్కేవాడని గుర్తుచేశాడు.

"నేను టైపు చేసే ఆ ఇంగ్లండు కోర్టులోళ్లకు సంపే పని లేదన్నా," అంది జాహిదా. "సంపితే రాళ్లు ఎవరు మోస్తారు? తాడు చూపిస్తే చాలు, మనిషి తనంతకు తానే మోస్తాడు. మనం బతిమాలిన ప్రతిసారీ తప్పు ఒప్పుకున్నట్టే కదా. ఆ తాడు పేనతాండేది మనమేనన్నా."

నిజంగానే పంపేస్తే ఏంటని వాళ్లలో ఒకడైన తాజ్ అడిగాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని శ్రీపతే నోరు విప్పాడు. "పంపితే పోతాను. నా కోసం ఇంకెవరూ దండం పెట్టకండి."

సోమవారం కాగితం వచ్చింది. వేళ్లు విరిగినవాడు టైపు చేయలేడు కనుక ఉద్యోగం రద్దు. చదివి ఆగాడు ఉమామహేశ్వరరావు. ఎవరూ లేవలేదు. మళ్లీ చదివాడు.

"ఏం రాజుగారూ, ఏం మాట్లాడరా?"

సుబ్బరాజు చేతులు అలవాటుకొద్దీ దగ్గరికి రాబోయాయి. వాటిని తొడల కింద పెట్టుకుని, "మాట్లాడేదేం లేదండి," అన్నాడు.

కాంట్రాక్టరు మొహంలో రంగు మారింది. పోనీ క్షమిస్తున్నాను, ఆదివారాల పని మాత్రం తప్పదు అని తనే బేరానికి దిగాడు.

"క్షమించడానికి నేనేం తప్పు చేశానండి?" అన్నాడు శ్రీపతి.

ఉత్త బెదిరింపని లోలోపల అందరికీ ఒక ఆశ ఉండింది. కాదు. కాంట్రాక్టరు శనివారానికి శ్రీపతి టికెట్ తీశాడు. ఆ శనివారం ఒక్కరూ షెడ్డుకు పోలేదు, పదకొండు మందీ ఎయిర్‌పోర్టుకు వెళ్లారు. ఈ పాపం తనదేనని జాహిదా వెక్కివెక్కి ఏడ్చింది. హైదరాబాద్‌లో కాంట్రాక్టరు అమీర్‌పేట ఆఫీసులో నలభై మంది ఇక్కడికొచ్చే తర్వాతి బ్యాచ్ కోసం కూర్చుని ఉన్నారని, ముందు అక్కడికే పోతానని శ్రీపతి ఆమెకు చెప్పి లోపలికి వెళ్లాడు.

బుధవారం ఉమామహేశ్వరరావు వచ్చే సోమవారం దాకా కూడా ఆగకుండా రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఈలోగా ఫోన్ మోగింది. అమీర్‌పేట గుమాస్తా గొంతు ముందు వరస దాకా వినబడింది.

"సార్, ఆ శ్రీపతి మెట్ల మీద కూసొని చెయ్యి చూపిచ్చుకుంట అందరికీ చెప్తుండు. బ్యాచోళ్లు కాంట్రాక్టు మీద సంతకం పెట్టం అంటున్రు సార్."

ఆయన ఫోన్ పెట్టేశాడు. బయట దింపాల్సిన లారీలు రెండున్నాయి. సీడీల గడువు ఎల్లుండే. అయినా మొదటి కాగితం చదివాడు. జాహిదా, ఉద్యోగం రద్దు. ఎవరైనా లేస్తారేమోనని ఆయన ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. పదకొండు కీబోర్డుల మీద ఒక్క చెయ్యి లేదు.

"మిగతావాళ్లవి కూడా చదవండి," అన్నాడు సుబ్బరాజు కూర్చున్నచోటు నుంచి. "మేం ఈ పూట పని చెయ్యట్లేదండి."