వీధిలో తిరిగే గొంతు

అమ్మిన సరుకు మళ్ళీ మన గుమ్మం తొక్కకూడదంటారు వ్యాపారం తెలిసినవాళ్ళు. గొంతక్క అమ్మిన సరుకు మాత్రం రోజూ మధ్యాహ్నం ఆవిడ కిటికీ కిందికే వచ్చి అరిచేది.

సరుకంటే మరేమీ కాదు, ఆవిడ గొంతే. తోపుడు బళ్ళవాళ్ళు మైకు పెట్టెలో వేసుకుని తిప్పే కేకలు ఆవిడే చెప్పి, రికార్డు చేసి ఇచ్చేది. ఉప్పు బండిలో ఆవిడే, చీపుర్ల బండిలో ఆవిడే, పాత సామాన్ల బండిలోనూ ఆవిడే. అందుకే బళ్ళవాళ్ళు ఆ పేరు పెట్టారు, చుట్టుపక్కలవాళ్ళు అసలు పేరు మర్చిపోయారు. పెట్టుబడి పెద్దదేం కాదు. ఎవరో వాడి వదిలేసిన మైకు, ముసలి కంప్యూటరు, బట్టల బీరువా. బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే బట్టల్లోకి తల దూర్చి, వీపు మీంచి బొంత కప్పుకుని మాట్లాడితే గది మోత గొంతుకి అంటదు. కంప్యూటరు గురక పెడుతుందని దాన్ని వంటింట్లో కూర్చోబెట్టి, పొడుగు వైరు లాక్కుంది.

కేకలు కూడుకి చాలవు గనక పొద్దుటిపూట ఒక ఆఫీసులో ఫోన్లెత్తేది. ఫోన్లో అరిచేవాళ్ళందరికీ మెత్తగా జవాబు చెప్పి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పిండేసిన గుడ్డలా ఉండేది. ఆ ఉద్యోగం వదిలించుకునే దారి ఒకటి దొరికింది. నవలలు చదివించి జనానికి వినిపించే కంపెనీ వాళ్ళకి చదివే మనిషి కావాలి. మొదటి అధ్యాయం చదివి పంపు, నచ్చితే పుస్తకమంతా నీదే, ఆ తర్వాత పుస్తకాలూ నీవే అన్నారు. ఆవిడ పంపింది. తిప్పి పంపారు. మళ్ళీ పంపింది. ఈసారి కంపెనీ పిల్ల ఫోన్ చేసింది.

"మేడమ్, మీ వెనకాల ఎవరో మాట్లాడుతున్నారండీ."

"ఎవరూ లేరమ్మా. అది నేనే."

"చదువుతున్నది మీరు కదా?"

"అదీ నేనే, ఇదీ నేనే."

"అయితే ఇద్దర్లో ఒకర్ని ఆపండి మేడమ్. ఈసారీ ఇలాగే వస్తే ఇంకొకర్ని చూసుకుంటారట," అని పెట్టేసింది.

ఆపడమే ఎలాగో తెలియడం లేదు. పొద్దున ఉద్యోగం. సాయంత్రం పైవాటా పిల్లల కుప్పిగంతులు. రాత్రయితే వెనక ఐసు ఫ్యాక్టరీ మోటార్లు. పుస్తకానికి మిగిలేది మధ్యాహ్నమే. సరిగ్గా అప్పుడే పాత సామాన్ల మామ సందులోకి వస్తాడు. మిగతా బళ్ళు పొద్దున్నే తిరిగేసి పోతాయి. మామకి అలా కుదరదు. ఇళ్ళల్లో పనులు తెమిలాకే పాత ఇనుము సంగతి గుర్తొస్తుంది ఎవరికైనా. సాయంత్రానికల్లా సరుకు గోడౌనుకి చేరాలి. పైగా ఇంటింటి దగ్గరా ఆగి తూకం వేస్తాడు, పెట్టె మాత్రం అరుస్తూనే ఉంటుంది.

గొంతక్క తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. ఖాళీ గది చప్పుడు కొంచెం పట్టి, ఇదీ చెత్త అని చూపిస్తే కంప్యూటరు అలాంటి చెత్తనంతా ఏరేస్తుంది. లైటు జుమ్మనడం అలాగే పోయింది. మరి కేక అసలు ప్రతి తన దగ్గరే ఉంది కదా, దాన్నే చెత్త అని చూపిస్తే సరి అనుకుంది. కంప్యూటరు చెప్పిన మాట వినే రకం. కేకలోంచీ తీసింది, చదువులోంచీ తీసింది. రెండూ ఒకే గొంతాయె. చివరికి మిగిలింది వింటే డబ్బాలో పడ్డ ఈగ కథ చెబుతున్నట్టుంది.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారి కొడుకు దూరప్రాంతాలకి లారీ తోలుతాడు, ఎప్పుడో గాని కనబడడు. అత్తగారు మంచం మీంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"ఫ్రిజ్ ఆపావు, ఫ్యాను ఆపావు, నన్ను దగ్గొద్దన్నావు. ఇంక ఊపిరి కూడా ఆపమంటావా ఏంటి?"

"మీ ఊపిరి కంప్యూటర్లో తీసేస్తాలెండి అత్తయ్యా."

"తీసెయ్యి, తీసెయ్యి. నాకూ విసుగ్గానే ఉంది." అటు తిరిగి పడుకోబోయి, మళ్ళీ ఇటు తిరిగింది. "ఎందుకొచ్చిన తంటా? కిందికెళ్ళి వాడి పెట్టె కట్టెయ్యమను. నోరు తెరిచి అడిగితే పోయేదేముంది?"

గొంతక్క దిగి వెళ్ళింది. మామ బండి చక్రానికి ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఏళ్ళ తరబడి వీధుల్లో పారబోసిన గొంతు ఆయనది. ఇప్పుడు మాట కంటే గాలే ఎక్కువ వస్తుంది.

"మామా, రేపొక్క రోజు మన సందులో పెట్టె కట్టేసి వెళ్ళవా?"

"పెట్టెలో ఉన్నది నువ్వేగా తల్లీ. నిన్ను నువ్వే నోరుమూసుకోమంటున్నావా?"

"అవును మామా. అది మూసుకుంటే గాని ఇది బతకదు."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. "సరేలే, పో. రేపు దొంగలా పోతాను."

మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు సందు సద్దుమణిగింది. గొంతక్క అధ్యాయమంతా ఒక్క బిగిన చదివింది, మధ్యలో గొంతు తడుపుకోవడానికి ఆగిందంతే. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని శుభ్రం చేయడానికి కూర్చుంది. పెదాల చప్పుడు తీసింది, ఊపిరి తగ్గించింది. తను నీళ్ళు తాగిన చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కింద ఎక్కడో, కాగితం చినిగినంత సన్నగా వినబడింది.

"పాత సామాన్లేమైనా ఉన్నాయా తల్లీ?"

ఇంకో గుమ్మం. మళ్ళీ అదే మాట. మధ్యలో దగ్గు. పెట్టె లేదు గనక మామ మెట్టు మెట్టూ ఎక్కి తన గొంతుతోనే అడుగుతున్నాడు. తెర మీద ఆవిడ మాటలు కొండల్లా లేస్తుంటే, ఆయన మాట గీత మీద దుమ్ము పడ్డట్టుంది. తీసేయడం చిటికెలో పని. తీసేసింది. పంపింది.

"ఇప్పుడు బాగుంది మేడమ్," అంది కంపెనీ పిల్ల. "పుస్తకం మీకే ఇమ్మన్నారు. అంతా ఇలాగే రావాలి. అదే గది, అదే వేళ. తేడా వస్తే వినేవాళ్ళకి తెలిసిపోతుంది."

సంతోషించాల్సిన మాట. అదే వేళ అన్న దగ్గరే ఆవిడ మనసు తూకం వేయడం మొదలుపెట్టింది. ఉత్తినే వచ్చే సరుకు లోకంలో లేదు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం దిగిందంటే దాని ఖర్చు ఎవరో పెట్టుకున్నట్టే. పెట్టె మోగితే తను ఫోన్ల దగ్గరే ముసలిదైపోతుంది. మోగకపోతే మామ గొంతులో మిగిలిన ఆ కాస్తా అయిపోతుంది.

అయినా ఇంకొన్నాళ్ళు పెట్టె కట్టేసే తిరగమని మామని అడిగింది. మర్నాడు మామ ఎదురింటి మెట్ల మీద కనబడ్డాడు, గొంతు మీద చెయ్యేసుకుని.

"ఎలా ఉంది మామా?"

మాట రాలేదు. చెయ్యి బోర్లించి చూపించాడు. కాసేపటికి గుసగుసగా అడిగాడు. "ఇంకెన్నాళ్ళు తల్లీ?"

"పుస్తకం లావుగా ఉంది మామా." ఆవిడకి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. మెట్ల వైపు చూసింది. "నువ్వు దిగు. బండి సందు మొదట్లో పెట్టుకుని కూర్చో. ఇళ్ళవాళ్ళని నేనడుగుతాను. ఉన్నవాళ్ళు తెచ్చి నీ బండిలోనే వేస్తారు."

"నువ్వా? పొద్దున్నుంచీ ఫోన్లలో వాగి వస్తావు కదే!"

"వాగినదానికి ఇంకో నాలుగు మాటలు బరువా? దిగు మామా."

అప్పట్నుంచీ ఉద్యోగం నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విడవకుండా గుమ్మం గుమ్మం తిరగడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ మొదటి రోజు కిటికీలోంచి చూసి పకపకా నవ్వింది.

"ఇదేం చోద్యం గొంతక్కా! పెట్టెలోంచి బయటికొచ్చేశావేంటి?"

"లోపల ఉక్కగా ఉందొదినా. పాత సామాన్లేమైనా ఉన్నాయా?"

"ఉన్నాడుగా మా ఆయన. తూకానికి తీసుకుంటారా?"

"తుక్కు మాత్రమే తీసుకుంటాం."

"మరి నేనేమంటున్నా?"

నవ్వుకి మిగిలిన ఓపిక కూడా ఖర్చయింది. పైకి వచ్చి వేణ్ణీళ్ళు తాగి, బీరువాలో తల దూర్చేది. వారం తిరక్కుండా కంపెనీ పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది.

"మేడమ్, చప్పుళ్ళేం లేవు, బాగా శుభ్రంగా ఉంది. గొంతే కాస్త అలిసినట్టుంది. అదేమైనా తీసేయగలరా?"

"అది తీసేస్తే ఇంకేం మిగలదమ్మా."

పిల్ల ఎవరినో అడిగి వచ్చింది. "సరే మేడమ్, ఇలాగే కానివ్వండి. కానీ చివరిదాకా ఇలాగే ఉండాలి. మధ్యలో హుషారొచ్చిందంటే అతకదు."

"ఆ భయం పెట్టుకోకు," అంది గొంతక్క.

ఫోన్ పెట్టేసి బొంత అందుకుంది. కింద మామ బండి సందు దాటుతోంది. చక్రాలు బరువుగా మూలుగుతున్నాయి, ఇవాళ సరుకు బాగానే పడ్డట్టుంది. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టింది.