గుహలోంచి తప్పించుకున్న వేడి

ఉత్తరాన చలిదేశంలో, బోత్నియా అఖాతం తీరంలోని ఆ ఊరిని చలికాలంలో బతికించేది సముద్రం అడుగున బండలో తొలిచిన పాత చమురు నిల్వ గుహ. ఇనుప కర్మాగారం ఊరికే గాలికి వదిలే వేడితో వేసవంతా నీళ్ళు కాచి అందులో దాస్తారు. చలి ముదిరాక ఆ నీళ్ళ వేడినే గొట్టాల ద్వారా ఇళ్ళకు పంపుతారు. మేం రవ్వంత వేడి కూడా పారెయ్యం అని ఊరివాళ్ళకు మహా గొప్ప. దాచినది దాచినచోటే ఉందా అని మాత్రం ఒక్కరూ అడగరు.

అడిగేది సైమీ ఒక్కతే. గుహను కనిపెట్టుకుని ఉండే ఇంజినీరు ఆమె. ఈ ఫిబ్రవరిలో ఇళ్ళకు వెళ్ళినదానికంటే చాలా ఎక్కువ వేడి గుహలో తగ్గిపోతోంది. నీటిమట్టం మాత్రం దిగడం లేదు.

“మీటరు ముసలిదైపోయింది, నీకు చాదస్తం పట్టుకుంది,” అన్నాడు పై అధికారి రూరిక్. “వేడికేమన్నా కాళ్ళొచ్చాయా, నడిచిపోడానికి?”

“కాళ్ళు రాలేదు. ఎటో సందు దొరికింది,” అంది సైమీ.

ఆ ఉదయం గుహ నీటిని పరీక్షిస్తే ఉప్పు తేలింది. బండ పగిలింది. వేడినీరు పైకి పోతోంది, సముద్రం లోపలికి వస్తోంది. ఆ పైనున్న గడ్డకట్టిన అఖాతం మీద ఆమె తండ్రి విల్హో చేపలు పడుతున్నాడు. ఫోన్ చేద్దామంటే, చేపలు బెదురుతాయని ఆయన దాన్ని ఇంట్లోనే వదిలేసి పోతాడు.

సహాయక దళానికి కబురు చెప్పి ఆమె ఒడ్డుకు పరుగెత్తింది.

ఏటా ఊరి పెద్ద ఒకరు మంచు మందం చూసి, దేవదారు కొమ్మలు గుచ్చి దారి వేస్తారు. ఆ తర్వాత ఆ దారిలో మంచును కర్రతో పొడిచి చూడటమంటే దారి వేసినవాణ్ణి అవమానించడమే. ఈ ఏడు వేసింది విల్హోనే. ఇప్పుడా దారి మధ్యలో మంచు బూడిదరంగుకు తిరిగి చెమ్మగిల్లింది. ఆయన దానికి అవతల, పీట మీద, గాలం వేసుకుని కూర్చున్నాడు.

సైమీ రెండు చేతులూ ఊపుతూ అక్కడే ఉండమని అరిచింది. ఎదురుగాలికి మాట ఆయనదాకా పోలేదు. చేతులు మాత్రం కనిపించాయి. ఒడ్డునుంచి అలా చేతులూపితే ఆ ఇంట్లో ఒకటే అర్థం, ఆవిరిగది వేడెక్కింది, స్నానానికి రమ్మని. సైమీ వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ అలాగే పిలిచేది.

ఆయన గాలం చుట్టి బయల్దేరాడు. ఆమె ఇంకా గట్టిగా ఊపింది. ఆయన ఇంకా గబగబా నడిచాడు. మంచు విరిగిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

సైమీ ఒడ్డునున్న పొడవాటి కర్ర లాక్కుని, బోర్లా పడుకుని పాక్కుంటూ పోయింది. ఆయన పట్టుకున్న అంచు పట్టుకున్నట్టే విరుగుతోంది.

“కర్ర పట్టుకో నాన్నా. మాట్లాడకు.”

“అంత కంగారెందుకే అమ్మాయ్,” అన్నాడు విల్హో, రొప్పుతూనే నవ్వబోతూ. “నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి.”

ఆమె మోచేతుల కింద మంచు మెత్తగా కుంగింది.